నాలుగో గుంపు

వాగ్గేయకారుల మీద ప్రాజెక్టు,
శనివారం కల్లా చేసి చూపండి అన్నాను.
గుంపుకు నలుగురు. చార్టో, బొమ్మో, నాటకమో
మీ ఇష్టం. గైడు చూసి ఎక్కించారంటే మటుకు
సున్నా.

ఆదోని మున్సిపల్ హైస్కూల్లో
సంగీతమంటే గురువారం ఆఖరి గంట.
శ్రుతిపెట్టె తిత్తిని ఎలుక కొరికిన చోట
సైకిలు ట్యూబు ముక్క అతికించాను.
అందుకే మా షడ్జమానికి కాస్త పంక్చరు వాసన.

మూడు గుంపులు చీటీలు తీసి
పెద్ద పేర్లు పట్టుకుపోయాయి.
నాలుగో చీటీలో ఏమీ లేదు.
నేనే రాయడం మరిచాను.
"ఖాళీ వచ్చింది టీచర్" అంది మాబున్ని.
"ఖాళీ అంటే ఎవరైనా సరే, పో" అన్నాను
తప్పు ఒప్పుకోవడం చేతకాక.

శనివారం.
మొదటి గుంపు తెచ్చిన థర్మకోల్ తంబురా
ముట్టుకుంటే పొట్టు రాల్చింది.
రెండో గుంపు నాటకంలో
సన్యాసి గడ్డం ఊడి శిష్యుడి చేతికొచ్చింది.
మూడో గుంపు చార్టు ముత్యాల కోవ,
ఆ చేతిరాత నాకు తెలుసు, ట్యూషనక్కది.

నాలుగో గుంపు ఆలస్యంగా వచ్చింది.
ఉరుకుందు, తాయక్క, బసవలింగ
ఆరడుగుల విల్లొకటి భుజాల మీద మోసుకొని,
వెనక మాబున్ని
నడుము సన్నని కొయ్యగుండు చంకన పెట్టుకొని.
వాకిట్లో విల్లు పట్టక
కిటికీలోంచి అందించుకున్నారు.

"మా జేజినాయన, ఖాసీమప్ప.
జిన్నింగు మిల్లుల వెనక సందు.
వీధివీధీ తిరిగి పరుపులకు దూది ఏకుతాండె.
ఇప్పుడు చెయ్యి పడిపోయింది. నోరు బాగానే ఉంది."

చార్టు విప్పారు.
పుట్టిన సంవత్సరం: గంజి పోసిన కరువు.
గురువు: విల్లు నరం.
రాగం: పేరు పెట్టల్యా.
కట్టినవి: ఒకటి.
మరణం అన్న గడిలో
'పొద్దున టీ తాగినాడు' అని ఉంది.

ఉరుకుందు కొట్టాడు.
ఝుమ్మని నరం, దాని వెనకే దూది ఎగిరే చప్పుడు,
దూది లేకపోయినా.
బాలింత ఉన్న ఇంటి ముందర ఇట్లా, నిదానంగా.
పెళ్ళి పరుపైతే ఇట్లా, దుముకుతూ.
వీధి మొదట్లో వింటేనే
ఏ ఇంటికి పోతున్నాడో ఆడవాళ్ళకు తెలిసేదంట.

మార్కుల కాగితంలో సాహిత్యానికి పది.
సాహిత్యం లేదు, గీత కొట్టాను.
తాళం చూద్దామని వేళ్ళు మడిచాను.
ఐదు, ఆరు, ఏడు, ఏడున్నర...
"ఆ అర ఎక్కడిది? అక్కడెందుకు ఆగావు?"

"అది దగ్గు టీచర్" అన్నాడు ఉరుకుందు.
"తాత ఆడ దగ్గుతాడు.
మొదట తీసేద్దామనుకున్న్యాం.
తీసేస్తే నడవడంల్యా."

పన్నెండేళ్ళు కర్నూల్లో గురువుగారి ముందు కూర్చున్నాను.
ఊపిరి తీసుకున్నట్టు వినిపిస్తే చాలు
తొడ మీద చురుక్కుమనేది.
మడిచిన వేలు ఎటు విప్పాలో తెలియక
అలాగే పట్టుకున్నాను.
వెనక బెంచీలో ఎవడో ఆ ఏడున్నర దగ్గర
సరిగ్గా దగ్గాడు. ఎవరూ నవ్వలేదు.

"ఐదింటికల్లా విల్లు తెచ్చిస్తామని చెప్పినాం.
గోడకు కనపడకపోతే నిద్రపోడు" అంది తాయక్క.
పోతున్నవాళ్ళను ఆపి అడిగాను,
నా తలగడ ఉండకట్టింది,
ఏకడానికి ఎంత తీసుకుంటాడో.

"మేము ఏకుతాం, ఆయన చెప్తాడు.
డబ్బులు ఆయన్నే అడగండి."

కిటికీ బయటికి విల్లు సగం పోయాక
మాబున్ని వెనక్కి వచ్చింది.
"ఇంకో నడక ఉంది టీచర్, చార్టులో రాయల్యా.
చావింటి ముందర పోయేటప్పుడు
నరం మీద బొటనవేలు అదిమిపెట్టి కొడతాడంట.
ఎట్లో చూపించమంటే
మీకెందుకిప్పుడు, టీ తేపో
అన్నాడు."